ఎగైలాలో ఎర్ర గోంగూర

2024 అక్టోబర్ 11, శుక్రవారం

నేను పని చేసే ఈ అరబ్బు ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఆమె అన్న అబూ ఫహద్ భోజనానికి వచ్చాడు. పోలీసులో పని చేసి రిటైర్ అయిన మనిషి. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి నా గోంగూర మడి ముందు ఆగిపోయాడు. ఒక ఆకు తుంచి మామాకు చూపించి, ఇది హషీష్ అన్నాడు.

నా గోంగూరను గంజాయి అన్నాడు. ఒళ్లు మండిపోయింది. కానీ ఫోన్‌లో గంజాయి ఫోటో వెతికి అతను ఆకు పక్కన పెట్టేసరికి నాకే అనుమానం వచ్చింది. అవే చీలికలు, అంచున అదే రంపం.

మీరు తాగే ఎర్ర కర్కదే టీ ఈ చెట్టు పువ్వు కింది దొప్పల నుంచే వస్తుందని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మరి ఎరుపు ఏది అన్నాడు. చూపిద్దామంటే ఒక్క మొగ్గ లేదు. ఇప్పుడే పీకి పడెయ్యమన్నాడు. మామా అడ్డం పడింది. తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఉన్న మనిషి, నాలుగు వారాలు చూద్దామంది.

నవంబర్ 8కి పువ్వు కనపడాలి. లేకపోతే మొక్కలు చెత్తలోకి, ఆకు పోలీసులకి. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు ఖలాస్.

అక్టోబర్ 12

పూత ఎందుకు లేదో నాకు తెలుసు. నేనే రానివ్వలేదు. గోంగూర పూతకొస్తే ఆకు ముదిరిపోతుంది. అందుకని గురువారం గురువారం తలలన్నీ తుంచేస్తాను. పచ్చడికి నాకు, వీధిలో పని చేసే మన తెలుగు ఆడవాళ్లకు తలా ఒక కవరు ఆకు. మళ్లీ చిగురెయ్యాలని పది రోజులకోసారి గుప్పెడు యూరియా. ఛాతీ ఎత్తు పెంచానని మురిసిపోయాను కూడా.

గుర్రంకొండలో తమ్ముడికి ఫోన్ చేశాను. చిన్నపుల్లయ్య టమాట రైతు. పగలబడి నవ్వాడు. టమాటకైతే పూత టయానికి యూరియా ముట్టనీకుండా తిడతాంటివే, ఇప్పుడు నువ్వే పోస్తాండావా అక్కా అన్నాడు. తిట్టిన మాట నిజమే. పెళ్లికి ముందు ఆ టమాట తోటలో మందు కలిపింది నేనే. గోంగూరను పంట అని ఎప్పుడూ అనుకోలేదు. కూర అనుకున్నాను.

యూరియా బంద్. తుంచడం బంద్. రెండు రోజులు మడి నిండా నీళ్లు పెట్టి పాతది కడిగెయ్యాలి.

అక్టోబర్ 14

డ్రైవర్ ఖాసిం వలి నర్సరీకి తీసుకెళ్లాడు. రాయచోటి మనిషి, కార్లు తప్ప ఏమీ తెలియదు. షాపువాడు 20-20-20 ఎరువు ఇచ్చాడు. అన్నిటికీ మంచిదన్నాడు. అన్నిటికీ మంచిది నాకెందుకు. సంచి మీద మొదటి నంబర్ ఆకుకు, రెండోది వేరుకూ మొగ్గకూ, మూడోది పూతకూ కాయకూ. ఆకు నాకు ఎక్కువై చస్తున్నాను.

ఖాసిం వలి ఒక సంచి ఎత్తి, దీనిమీద ఇంత గులాబీ బొమ్మ ఉండాది, ఇదే తీసుకోక్కా అన్నాడు. బొమ్మ కింద చూస్తే 30-10-10. చివరికి కింద అరలో దుమ్ము కొట్టుకుని దొరికింది. 0-52-34. మొదటి నంబర్ సున్నా. చిన్నపుల్లయ్య చెప్పిందీ అదే. పెళ్లి చీర కొన్నప్పుడు కూడా ఇంత ఆనందం లేదు.

అక్టోబర్ 17, గురువారం

రెండిళ్ల అవతల పని చేసే వెంకటేశ్వరి కవరు పట్టుకుని వచ్చింది. ఈసారి ఆకు లేదన్నాను. ఎందుకో చెప్పలేదు. గంజాయి మాట వీధిలో పడితే ఇక అంతే. ఇంత చెట్టు పెట్టుకుని పిడికెడు ఆకు పెట్టలేవా, మామా కంటే నువ్వే పెద్ద మామా అయిపోయినావు అని వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది. అయినా తుంచలేదు.

అక్టోబర్ 20

వెంకటేశ్వరి ఫోన్ ఎత్తడం లేదు.

అక్టోబర్ 21

ఆకుల అంచులు మాడాయి. తప్పు నాదే. బకెట్‌కు రెండు స్పూన్లు చాలు, తొందరలో ఐదు వేశాను. ఎక్కువ వేస్తే ఎక్కువ పూస్తుందని ఏ రైతైనా అనుకుంటాడా. మూడు రోజులు ఉత్త నీళ్లే.

అక్టోబర్ 30

మొగ్గ. కందిగింజంత ఉంది. ఎర్రగా ఉంది.

మామాను చెయ్యి పట్టి పెరట్లోకి లాక్కొచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఇంతేనా అంది. ఇంతే మామా, వారం ఆగు అన్నాను. లెక్కపెడితే తొమ్మిది మొక్కలకు వచ్చాయి.

నవంబర్ 7, ఉదయం 6:40

విచ్చింది. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు. ఒక్కటే.

మధ్యాహ్నం 2:00

ముడుచుకుపోయింది. ఇది ఒక్కపూట పువ్వని మరిచేపోయాను. అబూ ఫహద్ వచ్చేది మధ్యాహ్నం నమాజు తర్వాత. అప్పటికి రేపటి పూలు కూడా ముడుచుకుంటాయి. భయం వేస్తోంది. మామాకు చెప్పేశాను.

నవంబర్ 8, శుక్రవారం

పదకొండు పూలు.

మామా ఏడింటికే అన్నకు ఫోన్ చేసింది. యల్లా, త్వరగా టిఫిన్‌కే రమ్మంది. ఎనిమిదింటికి వచ్చాడు. మడి ముందు వంగి పూలు ఒక్కొక్కటీ చూశాడు. నేను నిన్నటి పువ్వు కింద ఉన్న ఎర్ర దొప్ప తుంచి చేతిలో పెట్టాను. వాసన చూశాడు, కొరికాడు. పులుపుకు కన్ను మూసుకుపోయింది. కర్కదే అన్నాడు. ఇంకొకటి తానే తుంచుకున్నాడు.

మామా నా భుజం మీద చెయ్యి వేసి, రెడ్డెమ్మ నా దగ్గర అబద్ధం చెప్పదు అని అన్నకు చెప్పింది. తొమ్మిదేళ్లలో ఈ మాట ఎప్పుడూ వినలేదు. చాలా గర్వంగా ఉంది. ఎవరికి చెప్పుకోను, ఇక్కడే రాస్తున్నాను. గెలిచాను.

వెళ్తూ అబూ ఫహద్ విత్తనాలు అడిగాడు. ముదరనీ, ఇస్తానన్నాను.

సాయంత్రం మొగ్గ రాని మొక్కల తలలు తుంచి రెండు కవర్లు నింపాను. పట్టుకెళ్లి జరిగింది చెప్తే వెంకటేశ్వరి గేటు దగ్గరే అంతా విని, గంజాయి పచ్చడి ఎట్లుంటాదో చూస్తాలే అని నవ్వింది.

2025 మే 16, శుక్రవారం

అబూ ఫహద్ ఇంట్లో పన్నెండు గోంగూర మొక్కలు మోకాలెత్తు వచ్చాయట. ఈరోజు వాళ్ల బావమరిది చూసి హషీష్ అన్నాడట. పూత దాకా ఆగమన్నాడట అబూ ఫహద్.