ఎదురు కొట్టు

హోన్‌మాచి బజారు,
నవంబర్ 19.

కినుయోకి,

చలి ముదిరింది. సముద్రం ఒడ్డున నువ్వూ, మీ అక్కగారూ ఒంట్లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను క్షేమమే. మోకాళ్ల సంగతి అడక్కు.

మర్యాదలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. నువ్వంటే నాకు కుళ్లుగా ఉంది. అరవై ఎనిమిదేళ్లొచ్చాక ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఫోనులో చెబుదామంటే నీకు సగం వినిపించదు, మిగతా సగం వినిపించుకోవు.

నువ్వు షట్టరు దించేసి వెళ్లిన రోజున ఈ బజారులో తెరిచి ఉన్న కొట్లు ఐదు. వీధి మీద వేసిన పైకప్పు కింద పావురాలు తప్ప నడిచే ప్రాణి లేదు. ఇప్పుడొచ్చి చూడు. శనివారం అయ్యేసరికి రైలు దిగినవాళ్లు దిగినట్టే నీ కొట్టు ముందుకొచ్చి నిలబడుతున్నారు. టీవీలో ఒక బొమ్మల సీరియల్ వస్తోంది. అందులో కోహరు అనే పిల్ల ఇల్లు అచ్చంగా నీ కట్లెట్ల కొట్టే. ఆ వంకర రేకూ, పసుపుపచ్చ బోర్డూ, నూనె మరకతో సహా దింపేశారు. వీళ్లు ఇక్కడికి రావడాన్ని తీర్థయాత్ర అంటారట. మూసిన షట్టరుకి వంగి దణ్ణాలు పెడుతున్నారు. మొన్న ఒకావిడ ఏడ్చింది కూడా. నువ్వు వేయించిన బంగాళాదుంప కట్లెట్ ఒక్కటీ తినని మనిషి ఆవిడ! మూసిన కొట్టుకి దణ్ణాలు, నలభై ఐదేళ్లుగా తెరిచి ఉన్న, పేర్ల ముద్రలు చెక్కే నా కొట్టుకి వీపులు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాకు కనిపించేవి ఆ వీపులే.

ఇంకా ఒళ్లు మండే సంగతి చెప్పనా? ఆ బొమ్మలు గీసినవాళ్లు మూడు రోజులు కూచున్నది నా గుమ్మంలోనే. ఇక్కణ్ణుంచి చూస్తే నీ కొట్టు ఎంత బాగుందోనండీ అంటూ గీసుకున్నారు. మూడు రోజులూ టీ పోసింది నేను. చలికి చేతులు వంకర్లు పోతున్నాయంటే నిప్పుల కుంపటి తెచ్చి పెట్టింది నేను. షట్టరు వెనక నీ గాజుబీరువా ఎలా ఉండేదో చెప్పింది నేను. తీరా సీరియల్ వచ్చాక చూద్దును కదా, పన్నెండు భాగాల్లోనూ నీ కొట్టే. నా గుమ్మంలో కూచుని గీస్తే నా గుమ్మం ఎలా కనిపిస్తుంది? ఎవరో ఒకరు ఒక్కసారి వెనక్కి తిరగకూడదా? చిన్నప్పుడూ ఇంతే. ఎండ నీ వైపు పడేది, నీడ నా వైపు. మా ఆయన కూడా బతికున్నంత కాలం నేను చేసిన కూర పక్కకి నెట్టి, కినుయో దగ్గర వేడివేడిగా రెండు తెచ్చుకుంటానని వీధి దాటేవాడు.

బజారంతా మారిపోయింది. చెప్పుల షాపాయన చెప్పులు లోపల పెట్టేసి గుమ్మంలో కోహరు అట్టబొమ్మ నిలబెట్టాడు. ఎన్నికలు కూడా వచ్చాయి కదా, మైకుల బళ్లు తిరుగుతున్నాయి. మేయరు పదవికి నిలబడ్డ ముగ్గురూ తెల్ల గ్లవుజులు వేసుకుని, మెడలో కోహరు కట్టుకునే నారింజరంగు మఫ్లరు చుట్టుకుని, నీ కొట్టు ముందే ఉపన్యాసాలిస్తున్నారు. బజారుకి ప్రాణం పోసింది మేమంటే మేమని అరుపులు. వాళ్లలో ఒకాయన, ఇక ఆఫీసు కాగితాలకి ముద్రలక్కర్లేదు, సంతకం చాలని చప్పట్లు కొట్టించుకున్నవాడు, నాకు చెయ్యి ఊపుతూ, అమ్మా, మన పాత వృత్తులని కాపాడుకుందాం అన్నాడు. నేను తలుపు వేసేశాను.

ఈ కవరులో ఒక కాగితం పెట్టాను. దీని గురించి వార్డు సభ్యుడు నగాసే అడుగుతున్నాడు. సెప్టెంబర్ తుపానుకి నీ కొట్టు కప్పు లేచిపోయింది. నగరసంస్థ వాళ్లే బాగు చేయించి, మళ్లీ కట్లెట్లు వేయించే ఏర్పాటు చేస్తారట. దానికి నువ్వు ఒప్పుకున్నట్టు నీ ముద్ర కావాలి. ఇళ్లూ స్థలాల కాగితాలకి మాత్రం ఇంకా ముద్ర ఉండాల్సిందేనట, అంతవరకు నా వృత్తి బతికే ఉంది. ఈ నెలాఖరులోగా నీ ముద్ర పడకపోతే ప్రమాదకరమైన కట్టడం కింద లెక్కగట్టి కూల్చేస్తారు. నీ ఇష్టం. ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి అని కూడా అనిపిస్తుంది. హాయిగా చేపలు తింటూ అక్కడే ఉండు.

మీ అక్కగారికి నా నమస్కారాలు.

పుట్టినప్పటి నుంచీ నీకు ఎదురుగానే ఉన్న
ఫుసాయే

తా.క. పైన రాసినదంతా ఒకసారి చదువుకున్నాను. అందులో అబద్ధం లేదు, కానీ నిజం కూడా పూర్తిగా లేదు.

కాగితం మీద తేదీ చూడు. అక్టోబర్ మూడు. నీ చిరునామా ఇంకా ఈ కొట్టుదే కాబట్టి వాళ్ల జాబులన్నీ నీ పెట్టెలోనే పడ్డాయి. పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంచి, వచ్చినవి పంపుతూ ఉండమన్నావు. మూడేళ్లూ కరెంటు బిల్లుతో సహా పంపాను. దీన్ని మాత్రం సొరుగులో దాచాను. తర్వాత వచ్చిన రెండు హెచ్చరికలు కూడా. నగాసే అడిగిన ప్రతిసారీ, రాశానండీ, ఆవిడ జవాబివ్వడం లేదు, ఏం చేస్తాం అన్నాను. ఆవిడకి ఇంత గీరేమిటండీ అని అతను విసుక్కుంటే, మొదటి నుంచీ అంతేనన్నాను. కూల్చేస్తే వీపులు కనిపించవు కదా అనుకున్నాను. అవును, అనుకున్నాను.

మనస్సాక్షి గుచ్చుకుని ఇప్పుడు పంపుతున్నానని రాస్తే బాగుండేది. అది కాదు. నిన్న వాన పడుతుంటే ఒక తీర్థయాత్రికుడు నా కొట్లోకి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, నగోయా నుంచి వచ్చాడు. ఏం చేస్తుంటారని అడిగితే, ఉత్తరాలు బట్వాడా చేస్తానండీ అన్నాడు. నా మొహం నువ్వు చూసి ఉండాల్సింది. సొరుగుకి అడ్డంగా నిలబడ్డాను. ఆయన ఫోనులో ఏడో భాగంలోని ఒక బొమ్మ ఆపి చూపించాడు. కోహరు నీ కట్లెట్ల గాజుబీరువా తుడుస్తోంది. ఆ గాజులో ఏవో అక్షరాలున్నాయండీ, మా బృందంలో పది మందిమి కూచున్నా ఏమిటో తేలలేదు అన్నాడు.

నేను చూసీ చూడగానే చదివేశాను. నా జీవితమంతా అక్షరాలని తిరగేసి చెక్కినదాన్ని కదా. అది నా బోర్డు. నా కిటికీ, పక్కన కుంపటి, కుంపటి దగ్గర టీ పోస్తున్న ఒక ముసలిది. గోరంత ఉంది. అయినా నేనే. నా కొట్టు ఆ సీరియల్లో ఉంది, కినుయో, నీ గాజుబీరువాలో ఉంది.

నీ పెళ్లికి నేను చెక్కిన ముద్ర ఉందా? నేను చెక్కిన మొదటి ముద్ర అది. ఎర్ర సిరా నిండుగా అద్ది వెయ్యి. జవాబు పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా. ముందు నగాసే ఎదుట నన్ను కడుపునిండా తిట్టు. తర్వాత షట్టరు ఎత్తు. అది దించి ఉన్నంతసేపూ నేను నీ గాజులో కనపడను.