మొదటి మేకు

రాజమండ్రి.

మా అత్తయ్యకి,

మీ మెడ చుట్టూ చేతులు వేసి నాగవల్లి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీకు సగం వినబడదు, నేను అరిస్తే మండపేటలో మీ వీధి మొత్తానికీ వినబడుతుంది. అందుకే ఉత్తరం. మంజుష వదిన చదివి వినిపిస్తానన్నా వద్దనండి, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదువుకోండి.

ఇల్లు దొరికింది అత్తయ్యా! మోరంపూడి దగ్గర కొత్త అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది. ఇంకా రంగు వాసన పోలేదు. వంటగట్టు మీద ఒక్క పసుపు మరక లేదు. నా పెళ్ళయిన కొత్తలో మీరన్న మాట నాకింకా గుర్తే. "జన్మంతా అద్దె కొంపలేనే నాగా! ఎవరో కొట్టిన మేకులకి మన క్యాలెండరు తగిలించుకోవడమే. ఒక్కసారైనా ఎవరూ వండని వంటింట్లో వండాలి" అన్నారు. ఈ ఊరికి బదిలీ అయినప్పటినుంచీ హాస్టల్లో ఆ నీళ్ళ సాంబారు తాగుతూ, మిమ్మల్ని తెచ్చుకోవడానికి కొత్త ఇల్లే కావాలని అందుకే తిరిగాను.

తిరగడమంటే మామూలుగా కాదు. ఒకాయన కులం అడిగాడు, ఒకావిడ కూర అడిగింది. "చేపలు వండుతారా అండి?" అంది. గోదారి ఒడ్డున చేపలు వండనివాళ్ళు ఎంతమందండీ అన్నాను. ఆ ఇల్లు పోయింది. ఇంకోచోట "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వమండి" అని తలుపేసుకున్నారు.

ఈ ఇంటి ఓనరు పెద్దింట్లమ్మగారు. భర్తతో కింద ఫ్లాట్లోనే ఉంటారు. నా బొట్టూ గాజులూ చూసి తెగ సంబరపడ్డారు. "ఇంకా ఎవరూ దిగని ఇల్లమ్మా. మొదట దిగేది ముత్తైదువ కావాలని మొక్కుకున్నాను. వచ్చే గురువారం మంచిది. మీ ఆయన్ని కూడా రమ్మను, ఇద్దరూ కలిసి పాలు పొంగించండి" అన్నారు. నేను తల ఊపేశాను అత్తయ్యా. భాస్కర్ పోయి రెండేళ్ళయినా "లేరు" అన్న మాట నా నోట ఇంతవరకూ రాలేదు. ఆఫీసులో కూడా ఎవరో నా తరఫున చెప్పారు, నేను చెప్పలేదు.

అంతలో ఆవిడ "గోడలకి మాత్రం మేకులు కొట్టకూడదు, ఒక్కటి కూడా" అన్నారు. నా పెట్టెలో చీరల మధ్య ఉన్న భాస్కర్ ఫోటో గుర్తొచ్చింది. దాన్ని అలాగే దాచుకోవడానికి సాకు దొరికిందని ఒక్క క్షణం సంతోషించాను కూడా. తర్వాత హాస్టల్‌కొచ్చి ఏడ్చాను. ఏం చెయ్యను? మా ఆయన దుబాయ్‌లో ఉన్నారని చెప్పేసి తాళం తీసుకోనా? ఇల్లు పోతే మీరు రారు. మీరు రాకపోతే నాకు ఇల్లెందుకు?

మీ
నాగవల్లి


మండపేట.

చి.ల.సౌ. నాగవల్లికి,

నీకు ఆ మూడక్షరాలూ రాయకూడదంటోంది మంజుష, పక్కన కూచుని. నా కోడలు, నా కలం, నా ఇష్టం.

ఏమే, నీకు బుద్ధుందా? చచ్చిపోయిన నా కొడుకుని దుబాయ్ పంపిస్తావా? బతికుండగా సామర్లకోట వెళ్ళి రారా అంటేనే బద్ధకించేవాడు! పదోరోజున ఆడవాళ్ళు నీ గాజులు తియ్యడానికొస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నేను కొనిచ్చిన గాజులు, తియ్యడానికి మీరెవరు?" అని దెబ్బలాడాను. నువ్వు తలెత్తుకు తిరుగుతావని దెబ్బలాడాను, అబద్ధాలాడతావని కాదు.

దిగిన ప్రతి ఇంట్లోనూ పాలు పొంగించింది ముత్తైదువే. నేనే! ఏం ఒరిగింది? మీ మామయ్య పోయారు, వాడూ పోయాడు. పాలకేం తెలుసే, మంట తగిలితే పొంగుతాయి.

వెళ్ళి నిజం చెప్పు. వాడి ఫోటో కూడా చూపించు. ఇవ్వనంటే ఇంకో ఇల్లు చూడు. మేకులున్న పాత కొంపైనా సరే, నేను వస్తాను. ఇక్కడ కూతురు బాగానే చూస్తోంది, కాదనను. కానీ అల్లుడుగారు ఇంటికొచ్చినప్పుడల్లా హాల్లోంచి లేవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఆశీస్సులతో, తిట్లతో
మీ అత్త వరలక్ష్మమ్మ


రాజమండ్రి.

అత్తయ్యా,

తిట్లు అందాయి. బాగా పనిచేశాయి.

పొద్దున్నే ఫోటో సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పెద్దింట్లమ్మగారు పెసరట్టు వేస్తున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. "మా ఆయన లేరండి. రెండేళ్ళయింది. ఆ రోజు చెప్పలేకపోయాను." నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. పెనం మీద అట్టు మాడిపోయింది. ఆవిడ స్టవ్ కట్టేసి, "అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. మాడిన అట్టు తీసి పక్కన పడేసి, "పోనీలే, పాలు మేమిద్దరం పొంగిస్తాం. నువ్వు సాయంత్రం దిగు" అన్నారు.

ఒప్పేసుకునేదాన్నే. మీరు గుర్తొచ్చారు. "వద్దండి. ఆ పొయ్యి మీద మొదటి గిన్నె పెట్టేది మా అత్తయ్యే. ఆవిడ కోసమే కొత్త ఇల్లు వెతుక్కున్నాను. కుదరదంటే వేరేది చూసుకుంటాను" అనేసి బయటికి నడిచాను.

"ఇదిగో, ఆగు. అత్తయ్యేంటి? మీ అమ్మ కాదూ?"

"కాదండి. మా ఆయన వాళ్ళమ్మ."

"కొడుకు పోయాక కూడానా?"

"ఆయన పోతే మా అత్తయ్య నాకేమీ కాకుండా పోతుందా అండి?"

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "నాకూ ఉన్నారు ఇద్దరు కోడళ్ళు, ఇద్దరూ నిండు ముత్తైదువలే. ఎప్పుడొచ్చినా నా వంటింట్లోకి తొంగి చూడరు. మీ అత్తగారిని తీసుకురా తల్లీ. పాలు మీరే పొంగించుకోండి, నన్నూ పిలవండి" అన్నారు. అప్పుడు ఫోటో తీసి చేతికిచ్చాను. "అయ్యో, ఎంత చక్కని పిల్లాడు" అని కాసేపు చూసి, లోపలికి కేకేశారు. "ఏవండీ, ఆ డ్రిల్లు పట్టుకురండి. పోయినవాళ్ళ ఫోటో దక్షిణం గోడకి పెట్టాలి." నాకేసి తిరిగి, "ఒక్కటే సుమా! రెండో మేకు కొడితే ఊరుకోను" అన్నారు.

వాళ్ళాయన సూర్యరాజుగారు మూడో అంతస్తుకొచ్చి, నేల మీద పేపరు పరిచి, పెచ్చులూడకుండా కన్నం వేసి మేకు దింపారు. ఆ ఇంట్లో మొదటి మేకు మనదే అత్తయ్యా.

ఫోటో మాత్రం ఇంకా తగిలించలేదు. పాలు పొంగించాక మీ చేత్తో మీరే తగిలించాలి. గురువారం మొదటి బస్సుకి రండి, సామాన్లన్నీ సర్దుకుని. మీ క్యాలెండరు కూడా తెచ్చుకోండి. దానికి రెండో మేకు అడిగే ధైర్యం నాకు లేదు, అది మీరొచ్చి అడగండి.

మీ కోడలు
నాగవల్లి