రోకళ్ళు ఎత్తుకున్న పాట

ఫోగో దీవి

నా బంగారుతల్లి దుల్సినాకు నాన్న ముద్దులు.

నీ కవితలన్నీ పోలీసులు తగలబెట్టారనీ, ఇక రాయనని సంతకం పెడితేనే జైలు నుంచి వదులుతారనీ ఏడ్చావట. ఈ ఉత్తరం తెస్తున్న పడవ వంటాయనే చెప్పాడు. ఏడవకే తల్లీ! ఈ పొద్దున పొగమంచులో ఆడవాళ్ళు మొక్కజొన్న దంచుతూ నీ కవితనే పాటగా పాడారు. కొండే ఊగినట్టయింది, కల అనుకున్నాను.

పోర్చుగీసు జమేదారు వచ్చి, "ఎవరిదే ఈ పాట?" అని గద్దించాడు.

"రోకలిది దొరా! దాన్ని జైల్లో పెడితే మీ పిండి మీరే దంచుకోవాలి," అంది మీ మేనత్త.

అందరూ పకపకా నవ్వారు. వెళ్తూ వెళ్తూ వాడూ అదే కూనిరాగం తీశాడమ్మా!

సంతకం పెట్టేసి ఇంటికి రా. రోకళ్ళ చేత ఎవడు పెట్టించుకుంటాడు సంతకం?

నీ ముసలి నాన్న