బీపీ ఎవరి వైపుది?

చింతాద్రిపేట

చిరంజీవి జననికి, తాత పరంధామయ్య దీవించి రాసేది.

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. నా చెవులకు ఫోను స్పీకర్లో పెట్టాలి. పెడితే మీ అవ్వ అమ్మణి వింటుంది. సంగతి ఆమె గురించే.

నాకు, మీ అవ్వకు, మీ నాన్న చంద్రుకు ముగ్గురికీ బీపీ ఉందని డాక్టరు చెప్పాడు. వంశంలో వస్తుందట. చంద్రుకి ఎవరి వైపు నుంచి వచ్చిందని ఇంట్లో ఒకటే పోరు. మా నాయనమ్మ కుప్పమ్మ గొంతెత్తితే కూవం ఏటికి అవతలి ఒడ్డుకు వినిపించేది. అంత ఆరోగ్యం మా వంశానిది! నువ్వు తరమణి ల్యాబులో ఈ బీపీ మీదే పరిశోధన చేస్తున్నావు గదా. ఇది మీ అవ్వ వైపుదని ఒక కాగితం రాసి పంపు. అది వచ్చేదాకా మాత్ర ముట్టను. ముడితే మాదని ఒప్పుకున్నట్టే.

ఇట్లు,
అప్పళాల కొట్టు తాత

తా.క.: ఇంగ్లీషులో రాయి. అప్పుడు మీ అవ్వ ఎదురు చెప్పడానికి ఉండదు.


తరమణి

తాతకు నమస్కారాలు.

నేను చూసేది మనుషుల్ని కాదు తాతా, ఎలుకల్ని. మా దగ్గర ఒక ఎలుకల వంశం ఉంది. ఉప్పు ఎక్కువ పెట్టకపోయినా పెద్దయ్యేసరికి అన్నింటికీ బీపీ వస్తుంది. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే జత కలిపి పెంచారు. ఎవరి వైపుదైనా నువ్వు మాత్ర వేసుకోవాల్సిందే. నువ్వు ఎక్కడ పడిపోతావోనని నాకు భయంగా ఉంది.

నీ జనని

తా.క.: ఎలుక తోకకు చిన్న పట్టీ కట్టి బీపీ చూస్తాం. ముందు దాన్ని వెచ్చగా, నెమ్మదిగా ఉంచాలి. బెదిరితే బీపీ పెరిగి లెక్క తప్పుతుంది.


చింతాద్రిపేట

బంగారు జననికి ఆశీస్సులు.

నీ ఉత్తరంతో ప్రాణం లేచొచ్చింది. ఉప్పుతో పని లేదని నువ్వే రాశావు కాబట్టి అప్పళాలు, ఊరగాయ మళ్లీ మొదలుపెట్టాను. ఇక డాక్టరు సంగతి. నన్ను రెండంతస్తులు ఎక్కించి, ఆయాసం తగ్గకముందే పట్టీ కట్టాడు. ఎలుకకున్న మర్యాద నాకు లేదు. కాబట్టి నాకసలు బీపీయే లేదు.

ఇంకో శుభవార్త. మీ అవ్వ తనే ఒప్పుకుంది. "అవును, మా అమ్మమ్మకు ఉన్నట్టుంది. ఎప్పుడూ కస్సుమంటా ఉండేది. ఒక దినం వీధిలోనే తల తిరిగి పడిపోయింది" అంది. కేసు గెలిచాను!

ఇట్లు,
విజయుడైన తాత

తా.క.: అన్నాచెల్లెళ్లనా! శివశివ. అంత దగ్గర సంబంధాలు చేస్తే రోగాలు రాక ఏమొస్తాయి? మన గోడౌన్లో ఎలుకల్ని పట్టడానికి జీతమిచ్చి మనిషిని పెట్టాం. నీకేమో వాటిని పెంచడానికి జీతం.


తరమణి

తాతా, ముందు ఆ అప్పళం కింద పెట్టి చదువు.

ఉప్పు లేకపోయినా వస్తుందన్నాను గాని, తింటే ఏమీ కాదనలేదు. పట్టీ సంగతిలో మాత్రం న్యాయం నీదే. కాసేపు నెమ్మదిగా కూర్చుని మళ్లీ చూపించుకో. ఇక కేసు తేలాలంటే ఎలుకలకు మేము వేసినట్టే వంశవృక్షం వెయ్యి. నీ వైపు, అవ్వ వైపు, పై తరాల దాకా. బీపీ ఉన్నవాళ్ల పేరు చుట్టూ ఎర్ర సున్నా చుట్టు. ఏ వైపుదని తేలినా మాత్ర వేసుకుంటానని నా మీద ఒట్టెయ్యి.

నీ జనని

తా.క.: అవ్వను పక్కన కూర్చోబెట్టుకో. చుట్టరికాలు ఆమెకే బాగా తెలుసు.


చింతాద్రిపేట

జననమ్మకు తాత, అవ్వ ఇద్దరూ కలిసి దీవించేది.

హాల్లో నేల మీద కాగితం పరిచాను. ఎడమ పక్క నేను, నా పైన మా నాన్న, ఆయన పైన కుప్పమ్మ. కుడి పక్క మీ అవ్వ, ఆమె పైన వాళ్లమ్మ. ఎర్ర పెన్ను మూత తీసి, "మీ అమ్మమ్మ పేరు చెప్పు" అన్నాను.

"ఆడా కుప్పమ్మనే రాయండి. మా అమ్మ మీకు సొంత మేనత్త గదా! సున్నా బాగా పెద్దదిగా చుట్టండి" అంది.

మేనత్త కూతుర్ని చేసుకుని ఇన్నేళ్లూ మీ వైపు, మా వైపు అని కొట్లాడాను చూడు! ఎలుకల్ని శివశివ అన్న నోరు ఎక్కడ పెట్టుకోను? మీ అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. కాసేపటికి నాకూ ఆగలేదు.

నీ ఎలుకలాగే నెమ్మదిగా కూర్చుని మళ్లీ చూపించుకున్నాను. బీపీ ఉంది. మాత్ర మొదలుపెట్టాను. అది మా వైపుదీ కాదు, ఆమె వైపుదీ కాదు. మన ఇంటిది.

ఇట్లు,
కుప్పమ్మ మనవడు, మనవరాలు

తా.క.: ఆ కాగితంలో అన్నిటికన్నా కింద నీ పేరుంది. లోకంలోని ఎలుకలన్నిటికీ బీపీ చూస్తున్నావు, నువ్వెప్పుడైనా చూపించుకున్నావా? ఆదివారం రా. మీ అవ్వ పట్టీ కొని పెట్టింది. కట్టే ముందు నిన్ను వెచ్చగా, నెమ్మదిగా కూర్చోబెడతాం.