అన్నయ్య వాచీకి రాసిన యాప్

నాన్నా,

నువ్వు బెల్లం పెనం దగ్గర కూలిపోయి రేపటికి ఏడాది. గుండెలో నొప్పిగా ఉందని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు నువ్వు. అందుకే అనకాపల్లి వెళ్లి యాప్‌లు చేయడం నేర్చుకుంటున్నాను. నా మొదటి యాప్ ఇవాళే అన్నయ్య చేతి వాచీలో వేశాను. తన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో అది నా ఫోన్‌కి పంపుతుంది.

అంకె అందకపోతే తెర ఖాళీగా ఉంచాలన్నారు మా సారు. ఖాళీ తెర చూస్తే అమ్మ హడలిపోతుంది. అందుకని చివరగా వచ్చిన అంకె తెర మీద అలాగే నిలిచేలా రాశాను.

పొద్దున్నుంచి అన్నయ్య నీ పెనం దగ్గరే ఉన్నాడు. వసారాలో కూర్చుని నీకిది రాస్తూ మధ్యమధ్య ఫోన్ చూసుకుంటున్నాను. డెబ్బై రెండు. అంత మంట ముందు కూడా డెబ్బై రెండేనా అని మురిసిపోయాను. ఇప్పుడు తలెత్తితే, నువ్వు చొక్కా తగిలించే మేకుకు ఆ వాచీ వేలాడుతోంది.

"పాకం సిందితే పాడైపోద్దని పొద్దున్నే తీసీసేడే," అంది అమ్మ.

ఫోన్‌లో ఇంకా డెబ్బై రెండే ఉంది. ఇంటి వెనక పాకలో అన్నయ్య పాకం కలిపే తెడ్డు చప్పుడు మాత్రం ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు నాన్నా.