పల్లంరాజు పడవ, నా నోరు

ఫిబ్రవరి 2, ఆదివారం

పడవ పగిలింది. మనుషులకేమీ కాలేదు. ఏటి మధ్య లంకలో ఆడవాళ్ళు చదివి తిరిగిచ్చిన నలభై పుస్తకాలు తడిసిపోయాయి.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేపెవరైనా వక్రీకరిస్తే సాక్ష్యంగా ఉంటుంది. పల్లంరాజుది ఫైబర్ పడవ. వారమంతా దాని మీద గోదావరిలో చేపలు పడతాడు. ఆదివారం మాత్రం నన్నూ నా పుస్తకాల పెట్టెల్నీ లంకకు దాటిస్తాడు. ఈ రోజు పొద్దున్న చూస్తే పడవ ముక్కుకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ దండ కట్టి ఉంది. కత్తెరతో కోసి నీళ్ళలో పడేశాను. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని, ఇరవై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్నదాన్ని, ఆ దండ వెనక కూర్చుని ప్రయాణం చెయ్యాలా?

"ఉంటే ఏం పోద్దండీ మేడంగారూ," అన్నాడు పల్లంరాజు.

అక్కడ మొదలైంది. వెళ్ళేటప్పుడు మొదలైన వాదన తిరిగొచ్చేటప్పటికి కూడా తెగలేదు. రేవు దగ్గరపడుతుండగా నేను లేచి నిలబడి, ఇంజను పిడి మీదున్న అతని మోచెయ్యి పట్టుకుని, "నా కళ్ళలోకి చూసి చెప్పండి" అన్నాను. చూశాడు. సరిగ్గా అప్పుడే, బళ్ళు దాటించే పాత పంటు అడ్డమొచ్చింది. అది రేవులో ఎన్నేళ్ళుగానో కట్టేసి ఉన్నదే.

దాన్నలా వదిలేసిన నిర్లక్ష్యానికి బాధ్యులెవరు? వ్యాసం రాయాలి. కనీసం రెండు భాగాలు.

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం 5.30. కొత్త రోజు. కొత్త నేను!

నిన్న సాయంత్రానికే రేవంతా ఒకటే మాట: నిమ్మకాయలు తీసేసినందుకే పడవ పగిలిందట! పల్లంరాజు భార్య పెద్దింట్లమ్మ తేల్చి చెప్పేసింది. "దోషం తగిలిన పడవండి. బాగుచేయించినా మా ఆయన్ని దాంట్లో ఎక్కనివ్వనండి." పడవ లేకపోతే పదిహేడో తారీఖు నుంచి భీమవరం దగ్గర రొయ్యల చెరువుకి కాపలా వెళ్తాడట. పాతికేళ్ళు ఏటిలో వేట చేసిన మనిషి, గట్టు మీద టార్చిలైటు పట్టుకుని!

మా ఆయన మురళీకృష్ణ కాఫీ తాగుతూ ఒక్క మాటన్నాడు. "దుర్గా, ఆ పడవని ఒడ్డుకి లాగి బోర్లించాలంటే ఎనిమిది మంది కావాలి. నువ్వు నోరు విప్పితే ఒక్కడూ రాడు."

తీర్మానం: పదహారో తారీఖుకి పడవ నీళ్ళలో దిగాలి. ఖర్చు నాది. దిగేదాకా ఎవరితోనూ వాదించను.

నిబంధనలు:
నిమ్మకాయ మాట వినపడితే చిరునవ్వు.
"అసలు విషయమేమిటంటే" అనడం నిషేధం.
వ్యాసాలకు సెలవు.

పద్నాలుగు రోజులు. ఎంతసేపు!

ఫిబ్రవరి 4, మంగళవారం

సముద్రం వైపు నుంచి ఫైబర్ మేస్త్రి వీరబాబు వచ్చాడు. రూపాయి బిళ్ళతో పడవంతా కొట్టుకుంటూ చెవి పెట్టి విన్నాడు. టంగుమంటే బాగున్నట్టు, దబ్బుమంటే లోపల పొరలు విడిపోయినట్టు. కన్నం అరచెయ్యంత, దాని చుట్టూ మూరెడు మేర దబ్బు. అడుగు మాత్రం గట్టిగానే ఉందట.

"బతికే పడవేనండి. చెడిన పొరలు గీకేసి, కొత్త ఫైబర్ మ్యాట్ వేసి రెజిన్ జిగురు పట్టిస్తే రాయిలా ఉంటది. కానీ ముందు బోర్లించి ఎండబెట్టాలండి. పదిహేనుకి నేను వేరే ఊరెళ్ళిపోవాలి. బోర్లించేదెవరండీ?"

రేవులో ఎవరూ కదల్లేదు. దోషమట. విన్న నిమ్మకాయ మాటలు ఆరు. చిరునవ్వులు ఆరు. దవడ నొప్పి. అయినా విజయమే!

ఫిబ్రవరి 6, గురువారం

ఆటో డ్రైవరుతో జరిగింది వాదన కాదు, సమాచారం ఇవ్వడం. పైగా అతనే మొదలుపెట్టాడు. స్టాఫ్‌రూములో జరిగింది కూడా లెక్కలోకి రాదు, అది సిలబస్‌లో ఉన్న విషయమే. మురళితో జరిగింది దాంపత్యం.

మురళి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో ఏవో గీతలు పెడుతున్నాడు. ఏంటవి అని అడగలేదు. అడిగితే వాదన అవుతుంది.

పడవ బురదలోనే ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

రేవులో టీ కొట్టు గణేష్‌బాబు ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు! "నాలుగు నిమ్మకాయలు కట్టేసి లాగేద్దాం లెండి మేడంగారూ, దోషం దానంతటదే పోద్ది."

నవ్వాను. ఇంకొకడు అదే మాటన్నాడు. నవ్వాను. మూడోవాడు, "చదువుకున్నోళ్ళకి ఇయ్యన్నీ తెలవ్వులెండి" అన్నాడు.

8.20. "అసలు విషయమేమిటంటే..."

9.05. ఉపన్యాసం సమాప్తం. తలెత్తి చూస్తే నలుగురూ లేరు. పల్లంరాజొక్కడే ఉన్నాడు, అదీ చేతిలో తాడు ఉంది కాబట్టి.

ఫిబ్రవరి 11, మంగళవారం

తీర్మానం పోయింది. పోతే పోయింది! మౌనం అంటే అజ్ఞానానికి ఓటు వెయ్యడమే. కరపత్రం రాయడానికి కూర్చున్నాను. శీర్షిక: పడవ ఎందుకు పగిలింది? శాస్త్రీయంగా, ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ వెళ్ళాలి.

నిమ్మకాయలు: కొట్టేశాను.
గాలి: ఆ రోజు ఆకు కదల్లేదు. కొట్టేశాను.
ఇంజను: నిక్షేపంగా ఉంది. కొట్టేశాను.
పంటు: ఎన్నేళ్ళుగానో అక్కడే ఉంది. ఎవరికీ ఎదురెళ్ళలేదు. మనసొప్పలేదు గానీ కొట్టేశాను.
పల్లంరాజు: పాతికేళ్ళలో ఒక్కసారి కూడా పడవకి దెబ్బ తగలనివ్వలేదు. కొట్టేశాను.

ఇంకా ఏదో మిగిలింది. రెండో తారీఖు పేజీ తిప్పి చూసుకున్నాను. మోచెయ్యి.

కరపత్రం అక్కడే ఆపేశాను. మురళి వెనక నుంచి చదివి, "ఇరవై ఆరేళ్ళలో నువ్వు ఓడిపోయిన మొదటి వాదన. అదీ నీతోనే" అన్నాడు. అతనికి ఇవాళ కూర నేను వండను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఉదయం 7.00. గణేష్‌బాబు కొట్టు ముందు బల్ల ఎక్కాను.

"మళ్ళీ ఎక్కేశార్రోయ్," అన్నాడెవరో.

"అసలు విషయమేమిటంటే, నిమ్మకాయల తప్పేం లేదు. పంటు తప్పూ లేదు. ఇంజను పిడి మీదున్న చెయ్యి పట్టుకుని లాగింది నేను. పల్లంరాజుగారు పక్కకి చూసింది నేను చూడమంటేనే. పడవని పగలగొట్టింది నేనే."

నా జీవితంలో అతి చిన్న ఉపన్యాసం ఇదే.

"అయిపోయిందాండీ?" అన్నాడు గణేష్‌బాబు, అనుమానంగా.

పెద్దింట్లమ్మ చేపల తట్ట కిందికి దించింది. మొగుడి వైపు తిరిగింది. "ఏవయ్యా, నిజవేనా?"

పల్లంరాజు కాలి బొటనవేలు చూసుకుంటూ అన్నాడు. "మేడంగారు పిల్లలకి చదువు చెప్పే మనిషి. ఆవిడ మీద పెడితే నలుగుర్లో నామోషీ. నిమ్మకాయ మీద పెడితే ఎవరికీ నొప్పుండదు గదా అని..."

అంటే ఆ పుకారు పుట్టించింది ఇతనా! నన్ను కాపాడ్డానికా! ఇరవై ఏళ్ళ వ్యాసాల్లో ఈ కోణం నేనెక్కడా రాయలేదు.

పెద్దింట్లమ్మ ఇంకా అయిపోలేదు. "నీ చెయ్యి పట్టు తప్పిందో, కళ్ళు ఆనట్లేదో అని పది రోజుల్నించీ నేను భయపడి చస్తన్నాను గదయ్యా! ఆ మాట నీ మొహం మీద అనలేకేగా దోషం, దోషమని చెరువు గట్టు మీదకి పొమ్మంది!" తర్వాత నా వైపు తిరిగింది. "ఈ ముక్క ఆ రోజే చెప్తే మీ సొమ్మేం పోయిందండీ?"

బల్ల దిగాను.

ఎనిమిది మంది కావాలన్నాడు మురళి. పదకొండు మంది వచ్చారు. 7.40కి పడవ ఒడ్డు మీద బోర్లా పడుకుని ఎండ కాగుతోంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వీరబాబు గీకి, మ్యాట్ వేసి, రెజిన్ పూశాడు. రేవంతా ఘాటు వాసన. అది గట్టిపడ్డానికి హార్డెనర్ ఎంత కలపాలో నాకొక అభిప్రాయం ఉంది. చెప్పలేదు. సగం చెప్పాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పడవ దిగింది! అతుకు మీద రూపాయి బిళ్ళతో నేనే కొట్టి చూశాను. టంగుమంది. పల్లంరాజు భీమవరం వెళ్ళడం లేదు.

పెద్దింట్లమ్మ పడవ ముక్కుకి కొత్త నిమ్మకాయల దండ కట్టింది. నా కత్తెర మురళి దగ్గరుంది. తర్వాత నా చేతిలో రెండు జీళ్ళు పెట్టింది. నోట్లో వేసుకుంటే పళ్ళు అతుక్కుపోయే బెల్లం జీళ్ళు. "రేవు దాటేదాకా ఇయ్యి చప్పరించండి మేడంగారూ."

కొత్త తీర్మానం: ఒడ్డు మీద ఎంతైనా వాదిస్తాను. నీళ్ళ మీద వాదించను.

6.40. బయల్దేరాం. నోట్లో జీడి. ప్రశాంతం. ఏరు ఎంత బాగుంది!

6.52. జీడి కరిగిపోయింది.

పల్లంరాజు అన్నాడు, "ఆ పంటుని అక్కడ్నించి తియ్యొద్దని ఓ వ్యాసం రాయండి మేడంగారూ. వలలు బాగుచేసుకోడానికి నీడగా ఉంటదండి."

"అసలు విషయమేమిటంటే..." లేచాను.

అతను ఇంజను నెమ్మది చేశాడు. పిడిని ఎడమ చేతికి మార్చుకుని, కుడి మోచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

కూర్చున్నాను.

6.53. మళ్ళీ మొదటి రోజు. రెండో జీడి నోట్లో వేసుకున్నాను.