ఎనిమిది సిలిండర్ల చప్పుడు

మంగళవారం

ఇవాళ ప్రత్తిపాడు రోడ్డులో, మిర్చి కోల్డ్ స్టోరేజీ ముందు, నేను నిరుడు అమ్మేసిన కారు చప్పుడు విన్నాను. చూడకముందే గుర్తుపట్టాను. ఎనిమిది సిలిండర్ల ఆ గుర్రు నా కొత్త బండికి ఎప్పటికీ రాదు. అందులోంచి దిగింది శేఖర్.

దాన్ని అమ్మమని నా ప్రాణం తీసింది వాడే. "ఎనిమిదికి కాలం చెల్లిందిరా. ఆరు సిలిండర్లకి టర్బో పెడితే అదే పవరు, పెట్రోలూ తక్కువ తాగుద్ది. పొల్యూషన్ రూల్సు బిగించారుగా, కంపెనీలే ఆపేస్తన్నాయి" అన్నాడు. బేరం కూడా వాడే తెచ్చాడు. చిన్నప్పటి స్నేహితుడు కదా, కొనేదెవరని కూడా నేను అడగలేదు.

"ఏరా, నువ్వా కొన్నది?" అన్నాను.

"కంపెనీలు ఆపేస్తన్నాయిగా. ఇంక దొరకదని కొన్నా" అన్నాడు నవ్వుతూ.

ఏమని తిట్టను? వాడు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. నా ఆరు సిలిండర్ల బండి నిజంగానే బాగా పోతోంది. గట్టిగా తొక్కితే ఇంజన్ చప్పుడు మాత్రం ఉత్తుత్తిది, స్పీకర్లలోంచి వస్తుంది, అంతే.

రేపు టిఫినుకి ఇంటికి వస్తానన్నాడు. ఆ చప్పుడు వినగానే మా కుక్క తోకాడించుకుంటూ గేటు దగ్గరికి పరిగెడుతుంది…